ఎడారి పలకలు, కోయ పడిగెలు: నేల బొమ్మను చదివే పద్ధతి

వ్యాససంగ్రహం

ఆస్ట్రేలియా పశ్చిమ ఎడారి ప్రాంతంలో 1970ల తొలి సంవత్సరాల్లో రూపొందిన పపున్యా చిత్రాలు 2009లో మూడు అమెరికన్ విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ప్రదర్శితమయ్యాయి. ఆ చిత్రాలను ‘ఎడారి ప్రకృతి దృశ్యాలు’గా భావించడంలోని లోపాన్ని, ఖమ్మం–భద్రాచలం అడవి అంచున కోయల పడిగెలను ‘గిరిజన చిత్రకళ’గా మాత్రమే భావించడంలోని లోపంతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండింటి పోలిక కంటే, ప్రదర్శనశాల ఎదుట వాటి మధ్య తలెత్తే భేదమే మనకు ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పడిగె, కోయలు, డోలీలు, పపున్యా, ప్రకృతి దృశ్యం, ప్రదర్శన, అటవీ హక్కులు

1. ప్రదర్శన, సందర్భం

‘ఐకన్స్ ఆఫ్ ది డెజర్ట్: అర్లీ అబారిజినల్ పెయింటింగ్స్ ఫ్రమ్ పపున్యా’ అనే ప్రదర్శన 2009లో మొదట కార్నెల్ విశ్వవిద్యాలయంలోని హెర్బర్ట్ ఎఫ్. జాన్సన్ మ్యూజియంలో జరిగింది. తరువాత లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫౌలర్ మ్యూజియంలో, చివరగా న్యూయార్క్ విశ్వవిద్యాలయపు గ్రే ఆర్ట్ గ్యాలరీలో ఏర్పాటైంది. జాన్, బార్బరా విల్కర్సన్ దంపతుల సేకరణలోని చిత్రాలతో రోజర్ బెంజమిన్ దీనిని రూపొందించాడు. చిత్రాల్లో ఎక్కువ భాగం చిన్నవి. కాన్వాసు దొరకని రోజుల్లో హార్డ్‌బోర్డు ముక్కల మీద, చేతికందిన చెక్క మీద వేసినవి.

ఇంత దూరపు ప్రదర్శనతో భద్రాచలం అడవి అంచున పనిచేసే సాహిత్య, సంస్కృతి పరిశోధకులకు ఏమి సంబంధం అన్న ప్రశ్న సహజం. ఈ ప్రాంతపు కోయలకు పడిగెలున్నాయి. అవి ఇప్పుడు ఊళ్లలోని వేల్పుల ఇళ్ల నుంచి ప్రదర్శనశాలల వైపు, మ్యూజియాల వైపు, పరిశోధకుల ఛాయాచిత్రాల వైపు ప్రయాణం మొదలుపెట్టాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు సేకరణతో హైదరాబాదులో జరిగిన ‘ఆద్యకళ’ ప్రదర్శన వంటివి ఈ కళాసంపదను నగర ప్రేక్షకుల ముందుకు తెచ్చాయి. భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో గిరిజన మ్యూజియం ఉంది. ఇవి అవసరమైన ప్రయత్నాలే. అయితే పపున్యా చిత్రాలు ఇదే దారిలో అర్ధశతాబ్దం ముందు నడిచాయి. ఆ దారిలో వాటికి ఏమి జరిగిందో తెలుసుకొని మన అడుగు వేయడం వివేకం.

2. ‘దృశ్యం’ అన్న మాటతో చిక్కు

లాండ్‌స్కేప్ అన్న మాటకు తెలుగు కళావిమర్శ ‘ప్రకృతి దృశ్యం’ అన్న పదబంధాన్ని స్థిరపరచింది. దృశ్యం ఉన్నచోట ద్రష్ట ఉంటాడు. అతడు నేలకు వెలుపల ఒకచోట నిలబడి చూస్తాడు. అతని కంటి ఎత్తులో దిగంతరేఖ గీయబడుతుంది. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే, ఆయన ప్రోత్సాహంతో ఎదిగిన దామెర్ల రామారావు (1897–1925) గోదావరిని ఈ విధంగానే చూశారు, అందంగా చూశారు. ఆ నదికి ఎగువన, కొండల నడుమ బతికే కోయలు, కొండరెడ్లు అదే నీటిని అలా గట్టున నిలబడి చూడరు. వారు ఆ నీటిలో, ఆ కొండలో ఉంటారు. వారి బొమ్మలో దిగంతరేఖ లేకపోవడానికి కారణం నైపుణ్యలోపం కాదు, దాని అవసరం లేకపోవడం.

ఎడారిలోనూ ఇదే తగాదా నడిచింది. అరెర్న్‌టె జాతికి చెందిన ఆల్బర్ట్ నమచీరా (1902–1959) పాశ్చాత్య పద్ధతిలో నీటిరంగులు నేర్చి, మక్‌డానెల్ పర్వతాలను, తెల్లటి మానుల గమ్ చెట్లను చిత్రించాడు. 1938లో మెల్‌బోర్న్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ప్రజలు ఎగబడి కొన్నారు. విమర్శకులలో కొందరు మాత్రం దానిని అనుకరణగా తేల్చిపారేశారు. ఆ కొండలు అతని పూర్వీకుల కొండలని, అతడు వేసింది తనకు సొంతమైన నేలనని గుర్తించడానికి విమర్శకు చాలా కాలం పట్టింది. పౌరసత్వం పొందిన అతి కొద్దిమంది ఆదివాసుల్లో ఒకడైన ఆ చిత్రకారుడు, తన బంధువుకు మద్యం అందించాడన్న నేరానికి శిక్ష పడి, 1959లో రెండు నెలలు పపున్యాలోనే నిర్బంధంలో గడిపాడు. అదే ఏడాది మరణించాడు. ఎడారి చిత్రకళ చరిత్రలో ఒక అధ్యాయం ముగిసి మరొకటి మొదలైన చోటు ఒకటే కావడం గమనార్హం.

పపున్యా ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి సుమారు 240 కిలోమీటర్ల దూరాన, ఆదివాసులను ప్రధాన స్రవంతిలో కలిపివేయాలన్న ప్రభుత్వ విధానంలో భాగంగా నెలకొల్పిన నివాసం. పింటుపి, లురిచా, వాల్‌పిరి, అన్మచీర, అరెర్న్‌టె జాతుల వారిని వారి వారి నేలల నుంచి తెచ్చి అక్కడ ఒకచోట ఉంచారు. 1971లో బడిపంతులుగా వచ్చిన జెఫ్రీ బార్డన్ ప్రోత్సాహంతో పెద్దలు బడి గోడ మీద తేనెచీమ పురాగాథను చిత్రించారు. కొన్నేళ్లకే ఆ గోడకు మళ్లీ రంగు పూసి బొమ్మను కనిపించకుండా చేశారు. అప్పటికి పలకల మీద బొమ్మలు మొదలయ్యాయి. 1972లో చిత్రకారుల సొంత సంస్థ పపున్యా తులా ఏర్పడింది. సొంత నేలకు వందల కిలోమీటర్ల దూరాన కూర్చున్న మనుషులు ఆ నేలను పలకకెక్కించారన్నది ఇక్కడ మరువరాని విషయం. వారి ఎదుట దృశ్యమేదీ లేదు. ఉన్నది జ్ఞాపకం, పాట, తండ్రి నుంచి వచ్చిన హక్కు.

3. పర్ణశాల రాయి సాక్ష్యం

జానీ వరంగ్‌కుల చుపురుల 1972లో వేసిన ‘కలిపిన్‌ప దగ్గరి జలగాథ’ ఈ ప్రదర్శనలో ప్రధానమైన చిత్రం. వలయాలు, అలల వంటి గీతలు, వాటి మీద పొరలు పొరలుగా చుక్కలు. చూసేవానికి మొదట ఇది అలంకారంగా తోస్తుంది. కథ తెలిసినవానికి అది తుపాను దిగిన చోటు. వలయం నీటిగుంట, గీతలు పారే నీరు, చుక్కల పొర వాన తరువాత ఇసుకలో లేచిన పచ్చదనం. బొమ్మను పైనుంచి చూసిన పటమనడం సగం నిజం. పటంలో కాలం ఉండదు. ఇందులో వాన ముందరి నేల, వాన, వాన తరువాతి నేల ఒకదానిమీద ఒకటి పేరుకొని ఉన్నాయి.

తెలుగు పాఠకునికి ఈ పఠనపద్ధతి కొత్తదేమీ కాదు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు వెళ్లినవారికి సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని ఒక రాతిని చూపిస్తారు. సీతవాగు, రథగుట్ట కూడా చూపిస్తారు. అక్కడ యాత్రికుడు చూసేది రాయి రంగును కాదు. కథ ఆ రాతిమీద నడిచిన దారిని చూస్తాడు. కథ తెలియని భూగర్భశాస్త్రవేత్తకు అది ఖనిజపు చార. నేలను కథగా చదవడం మనకు వంటబట్టిన విద్యే. ఆ విద్యను రామాయణానికి మాత్రమే వర్తింపజేసి, అదే అడవిలో కోయలు చేసే పఠనాన్ని ‘ఆటవిక విశ్వాసం’ అన్న అరలో పెట్టడమే మన విమర్శలోని అలవాటు. ఒకే గుట్ట రెండు కథల్లో రెండు పేర్లతో బతకవచ్చు. పర్ణశాల దారిలో ఫలకాలెక్కిన పేర్లు మాత్రం ఒక కథకు చెందినవే.

దుమ్ముగూడెంలో ఉండి పనిచేసిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1870లలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఎడ్గర్ థర్‌స్టన్ తన 1909 నాటి గ్రంథంలో కోయల గురించి చెప్పినదానిలో కెయిన్ రాతలకు గణనీయమైన వాటా ఉంది. హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద ప్రకటించిన పుస్తకం ఈ గోదావరి కొండలదే. ఆచారాలు, వివాహాలు, భాష నమోదుకెక్కిన ఈ రాతల సంప్రదాయంలో కోయలు తమ చరిత్రను తామే బట్టమీద నమోదు చేసుకున్నారన్న విషయానికి దక్కవలసిన స్థానం దక్కలేదు. పరిశోధకుడు రాసేవాడు, ఆదివాసి రాయబడేవాడు అన్న విభజనకు పడిగె అడ్డుపడుతుంది.

4. పడిగె చేసే పని

పడిగె పొడవాటి త్రికోణపు బట్ట. దానిమీద మనుషులు, జంతువులు, వేల్పుల గుర్తులు వరుసలుగా ఉంటాయి. కోయ సమాజం గట్టులుగా, గట్టులు ఇంటిపేర్లుగా విడివడి ఉంది. పెండ్లి సంబంధం మొదలు వేల్పు కొలువు వరకు ఈ విభజనే నిర్ణయిస్తుంది. ఆయా వంశాల ఇలవేల్పుల పుట్టుక, మూలపురుషుల వలస, పోరు, స్థిరపడిన చోటు పడిగెలో ఉంటాయి. వేల్పుల కొలుపులో పడిగెను బయటికి తీస్తారు. దానిని విప్పి చెప్పేవారు డోలీలు. డోలు మోగుతుంది, పాట నడుస్తుంది, బట్టమీది గుర్తు మాట అవుతుంది.

పడిగె అన్న మాట వినగానే తెలుగువానికి ‘పడగ’ స్ఫురిస్తుంది. జెండాకూ, పాము పడగకూ తెలుగులో అదే మాట. చేర్యాల పటాలతో ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారి పేరులోనూ అదే ఉంది. ఈ చేర్యాల ఉదాహరణ ఇక్కడ ఒక హెచ్చరికగా పనికివస్తుంది. నకాషీలు గీసిన పటం కథకుల చేతికి వెళ్లేది, కథకులు తమ దాతృకులాల ఊళ్లకు వెళ్లేవారు. కథ చెప్పించుకునేవారు తగ్గారు. పటం చట్రాల్లోకి, ముఖాల బొమ్మల్లోకి, ఇంటి అలంకరణలోకి మళ్లింది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నకాషీ కుటుంబాలకు జీవనోపాధి మిగిలింది, అది చిన్న విషయం కాదు. కథకులకు మాత్రం ఏమీ మిగలలేదు. రంగుకు గుర్తింపు వచ్చి గొంతుకు రాకపోవడం తెలంగాణ పటచిత్రాల విషయంలో ఒకసారి జరిగిన పనే.

కోయల గొంతుకు ఆలస్యంగానైనా ఒక గౌరవం దక్కింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన కంచుమేళం–డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వీరుల కథలను ఆయన కోయభాషలోనూ తెలుగులోనూ చెప్పగలిగేవారు. 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఒక డోలీ పోవడమంటే పడిగెలు కొన్ని చదువురాని పుస్తకాలు కావడం. గ్రంథం ఉండి లిపి తెలిసినవారు లేని స్థితి శాసనపరిశోధకులకు బాగా తెలుసు. అయితే శాసనం విషయంలో లిపిని తిరిగి ఛేదించే ఆశ ఉంటుంది. పడిగెలోని గుర్తు అక్షరం కాదు, జ్ఞాపకానికి ఊత మాత్రమే. జ్ఞాపకం పోతే దానినుంచి కథను తిరిగి తీయలేము.

5. ఎవరు చూడవచ్చు

పోలిక ఇంతవరకు సాఫీగానే సాగుతుంది. ఇక భేదం.

పపున్యా పెద్దలు నేలమీద ఇసుకతో, ఒంటిమీద రంగులతో, పవిత్ర వస్తువుల మీద చెక్కడంతో నిర్వహించే క్రతువులు వేరు, పలకమీది బొమ్మ వేరు. పలక అమ్మడానికి వేసినదే. క్రతువు తనచోట తానుంది. అయినా తొలి రోజుల్లో చిత్రకారులు తమకు తెలిసిన రహస్య రూపాలను కొన్ని నేరుగా పలకకెక్కించారు. దీక్ష పొందిన పురుషులు మాత్రమే చూడదగినవి బయటివారు, స్త్రీలు, పిల్లలు చూస్తారన్న ఆలోచన ఆ తొలి నెలల్లో పూర్తిగా పొడచూపలేదు. పొరుగు జాతుల నుంచి తీవ్రమైన అభ్యంతరాలు రాగానే ఆ రూపాలు తగ్గాయి, చుక్కలు దట్టమయ్యాయి. నేడు ప్రపంచమంతా ఆదివాసీ చిత్రకళకు గుర్తుగా భావించే చుక్క, కొంతవరకు, ఒక తెర. దీనిని శైలీవికాసంగా మాత్రమే వర్ణించే కళాచరిత్ర అసలు విషయాన్ని దాటవేస్తుంది.

2009 ప్రదర్శన నిర్వాహకులకు ఈ సంగతి తెలుసు. అందుకే రహస్య రూపాలున్న చిత్రాల ప్రతులను ప్రధాన గ్రంథంలో చేర్చక విడి అనుబంధంగా ముద్రించి, ఆస్ట్రేలియాలో పంపిణీ చేయకుండా ఆపారు. ఇది సద్బుద్ధితో చేసిన పనే అయినా నాకు సంతృప్తికరంగా తోచదు. ఎవరికి బాధ కలుగుతుందో వారి కంట పడకుండా చేశారు గాని, బయటివారు చూడడమే తప్పు అన్న వాదానికి జవాబు చెప్పలేదు. డార్విన్‌లోని నార్తర్న్ టెరిటరీ మ్యూజియం 2017లో ‘చుంగునుచ’ అనే ప్రదర్శనకు వేరే దారి పట్టింది. తన వద్ద ఉన్న తొలి పలకల్లో ఏవి గోడకెక్కాలో, ఏవి ఎక్కకూడదో పపున్యా పెద్దలతో కూర్చొని వారి మాట ప్రకారం నిర్ణయించింది. మూడు విశ్వవిద్యాలయాల పాండిత్యం కంటే ఈ సంప్రదింపు విమర్శకు ఎక్కువ నేర్పుతుంది.

పడిగె విషయం ఇంతకంటే సున్నితమైనది. పలక క్రతువు నుంచి వేరుపడిన వస్తువు. పడిగె తానే వేల్పుకు చెందిన వస్తువు. దాని నకలు వేయించి ప్రదర్శిస్తే పపున్యా పలకతో సమానం. అసలు పడిగెను తెచ్చి గాజు వెనుక పెడితే అది వేరే పని, దేవాలయంలోని ఉత్సవవిగ్రహాన్ని తెచ్చి పెట్టడం వంటిది. మన మ్యూజియాల్లో అనేక దేవతామూర్తులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కాని వాటిలో ఎక్కువ భాగం పూజ ఆగిపోయిన మూర్తులు. పడిగెకు కొలుపు ఇంకా ఉంది. ఈ తేడాను గుర్తించకుండా ‘గిరిజన చిత్రకళ, బట్టమీద రంగులు’ అన్న చీటీ అంటించడం వర్గీకరణ దోషం మాత్రమే కాదు. ఏ వంశానిది, ఏ గట్టుది, ఎవరి అనుమతితో, ఎంతకాలానికి వచ్చింది, చెప్పే డోలీ ఎవరు అన్న వివరాలు ఆ చీటీలో ఉండాలి. ఈ వివరాలు దొరకనప్పుడు ఛాయాచిత్రంతో సరిపెట్టుకోవడమే మేలు. అదీ అడిగి తీసినదై ఉండాలి.

6. కర్త, హక్కు, నేల

చుపురుల చిత్రం 1972లో అతి స్వల్ప మొత్తానికి అమ్ముడుపోయింది. 1997లో వేలంలో 2,06,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, 2000లో 4,86,500 డాలర్లు పలికింది. ఆ వేలాల మొత్తంలో చట్టప్రకారం చిత్రకారునికి రావలసిన వాటా ఏమీ లేదు. అతడు 2001లో మరణించాడు. పునర్విక్రయంలో చిత్రకారునికి అయిదు శాతం వాటా ఇచ్చే చట్టాన్ని ఆస్ట్రేలియా 2009లో చేసింది, అంటే అమెరికా ప్రాంగణాల్లో ఈ ప్రదర్శన తిరుగుతున్న ఏడాదిలోనే. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షను ఇటువంటి వాటాను ముందునుంచే గుర్తించింది. అది వ్యక్తి అయిన కర్తకు వర్తించేది. పడిగెకు కర్త ఎవరు? గీసిన చెయ్యా, చెప్పిన డోలీయా, కొలిచే వంశమా? కర్త మరణానంతరం 60 ఏళ్లని లెక్కగట్టే చట్టానికి మరణించని కర్త అర్థం కాడు.

ధర కంటే గట్టి ప్రశ్న నేలది. 1997లో గ్రేట్ శాండీ ఎడారికి చెందిన ఆదివాసులు తమ నేలహక్కు విచారణ కోసం 8 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు గల ‘న్గురారా’ చిత్రాన్ని వేశారు. ట్రిబ్యునల్ ఎదుట దానిని నేలపై పరచి, ఎవరి నీటిగుంట మీద వారు నిలబడి, తమ భాషలో సాక్ష్యం చెప్పారు. 2007లో వారి హక్కు గుర్తింపు పొందింది. బొమ్మ దస్తావేజు అయింది. అలంకారం చెప్పడం కాదు, అక్షరాలా అయింది.

ఖమ్మం–భద్రాచలం సరిహద్దు ప్రాంతానికి దస్తావేజుల కరువు లేదు. ఉన్న దస్తావేజులు నిలకడగా లేవు. 1953లో వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం దానిలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది, చుట్టుపక్కల పల్లెలు అవతలి రాష్ట్రంలోకి పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. కాగితపు పటం అరవై మూడేళ్లలో నాలుగుసార్లు మారింది. పడిగెలోని వలసదారి ఈ గీతలను ఎరగదు. గోదావరికి ఇరువైపులా, శబరి ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ వైపున ఉన్న ఒకే గట్టువారు ఇప్పుడు మూడు రాష్ట్రాల రికార్డుల్లో ఉన్నారు.

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద రూపొందిన నియమాల్లో 13వది సాక్ష్యాల జాబితా ఇస్తుంది. పెద్దల వాంగ్మూలం, వంశక్రమం, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాల వంటి ఆనవాళ్లు అందులో ఉన్నాయి. వాంగ్మూలాన్ని రాతలో పెట్టాలన్నది షరతు. పడిగె పేరు జాబితాలో లేదు. కాని డోలీ పడిగెను విప్పి చెప్పే ప్రతిమాటా ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తుంది. అది పెద్దల మాట, వంశక్రమం, వేల్పుల చోట్ల జాబితా. జానపద విజ్ఞాన పరిశోధకులు పడిగెగానాన్ని నమోదు చేసేటప్పుడు కథాంశాలను, వర్ణనలను మాత్రమే ఎత్తి రాసి, ఊరి పేర్లను, వాగుల పేర్లను అధోజ్ఞాపికలకు వదిలేయడం పరిపాటి. గ్రామసభకు కావలసినవి ఆ పేర్లే. కథనంలో వచ్చిన ప్రతి స్థలనామాన్నీ గాయకుడు పలికినట్లే రాసి, అది నేడు ఏ గ్రామపు ఏ హద్దులో ఉందో ఆ వంశపు పెద్దలతో నిర్ధారించుకొని, ఆ ప్రతిని ముందుగా వారికే ఇవ్వడం ఇప్పటి విశ్వవిద్యాలయ పరిశోధనకు అసాధ్యమైన పని కాదు.

ముంపు మండలాల్లో దీనికి గడువు కూడా ఉంది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల పల్లెల నుంచి పునరావాస కాలనీలకు తరలే కుటుంబం పడిగెను మడిచి వెంట తీసుకుపోగలదు. అందులో పేరున్న వాగును తీసుకుపోలేదు. కొత్త కాలనీలో కొలుపు జరిగి, డోలీ ఆ వాగు పేరు పలికినప్పుడు, దానిని చూసి ఎరిగినవారు కొందరైనా వినేవారిలో ఉన్నంతవరకే పైన చెప్పిన నిర్ధారణ సాధ్యమవుతుంది.